దానమును, దాని పోషణమును



మన నల్లగొండ, మహబూబునగరు మెట్టసీమలకుఁ జెరువే ప్రాణాధారము. కందూరును, పానుగల్లును రాజధానులుగ నేలిన చోడుల నాఁటి ఉదయసముద్రమున నేఁటికిని నీరు నిలుచుచున్నది. పూర్వము తెలుఁగుదేశమునఁ జెరువు త్రవ్వించినవారికిని, బాగుచేయించినవారికిని దశబంధమాన్య మొసఁగెడివారు. దాని ఫలము ననుభవించువారు చెరువును సంరక్షింపవలసియుండెను. అనఁగా దానముతోడనే పోషణమునకును మార్గ మేర్పడెను.

2013 కంపెనీల చట్టము, 135వ విభాగమున, పెద్ద సంస్థలు గడచిన 3 సంవత్సరముల సగటు నికరలాభమున నూటికి 2 వంతులు లోకహితమునకు వెచ్చింపవలెనని విధించినది. మన చిన్న అంగళ్లకు ఆ నిర్బంధము లేదు. మనకు ధర్మమే నిర్బంధము.

ఇఁక మన లోపమును మనమే చెప్పుకొందము. ఫ్లోరైడు నీటిచే నెముకలు వంగిన వారిని జూచి జాలిగొని, కొన్ని గ్రామములలో నీటిశుద్ధియంత్రములు నెలకొల్పితిమి. దాతల పేళ్లు ఱాతిపైఁ జెక్కించితిమి. మరమ్మతులకు సొమ్ము లేక వానిలోఁ గొన్ని మూలఁబడినవి. శిలాఫలకములు మాత్రము చెక్కుచెదరలేదు. దప్పిగొన్నవారికి ఱాయి చూపి యేమి ప్రయోజనము?

కావున నా మనవి యొక్కటి. ఇకమీఁదట మనవారి ప్రతి విరాళమునందును దశమాంశమును మరమ్మతులకై బ్యాంకున నిలువయుంచి, ఏటేట మహాసభయందు ఆ లెక్కను జదివి వినిపింపవలయును. ఈ తీర్మానము నామోదింపఁ బ్రార్థించుచు విరమించుచున్నాను.