వనపర్తి నుంచి ఏసీ గార్డ్స్ దాకా

చౌటుప్పల్‌లో బస్సెక్కి హైదరాబాద్ పోతే, మాసాబ్ ట్యాంక్ పక్కన ఏసీ గార్డ్స్ అనే బస్తీ కనిపిస్తుంది. ఏసీ అంటే చల్లగాలి యంత్రం కాదు, ఆఫ్రికన్ కావల్రీ! నిజాం కొలువులోని ఆఫ్రికా గుర్రపు దళం పేరది. దాని మూలాలు మన పాలమూరులోనే ఉన్నాయి. 19వ శతాబ్దంలో అక్కడి వనపర్తి సంస్థానపు రాజా రామేశ్వరరావు కొలువులోని, ఆఫ్రికా మూలాలున్న సిద్దీ రౌతులు తర్వాత నిజాం సేనలో చేరారు. 1948లో హైదరాబాద్ విలీనమయ్యాక ఆ దళం రద్దయింది. ఆ రౌతుల కుటుంబాలు మాత్రం ఏసీ గార్డ్స్‌లోనే స్థిరపడ్డాయి. పెళ్లి బరాత్‌లలో మోగే మర్ఫా వాద్యాన్ని హైదరాబాద్ అరబ్బులతో పాటు నిలబెట్టింది వాళ్లే. ఆ వాద్యకారులను మన ఊరి బడికి, గ్రంథాలయానికి పిలుద్దాం. మన డప్పు పక్కన మర్ఫా మోగాలి. వాళ్ల తాతల కథ వాళ్ల నోటే విందాం, మన పిల్లలకు వినిపిద్దాం.