హెల్మెట్టా, బూట్లా?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

అమెరికా నుంచి వచ్చావు కదా, అక్కడి సంగతి ఏదైనా చెప్పమన్నారు. డాలర్ల సంగతి చెప్పను, అది నాకంటే మీకే బాగా తెలుసు. అయోవా విశ్వవిద్యాలయంలో చదివేటప్పుడు నేనున్న హాస్టల్ పేరు స్లేటర్ హాల్. ఎవరో దాత పేరనుకున్నాను. కాదు, ఆటగాడు.

డ్యూక్ స్లేటర్ 1898లో పుట్టాడు. నల్లజాతి పాస్టరు గారి అబ్బాయి. అయోవాలోని క్లింటన్‌లో హైస్కూల్ చదువు. అక్కడ ఫుట్‌బాల్ ఆడాలంటే బూట్లూ, హెల్మెట్టూ ఎవరివి వాళ్ళే కొనుక్కోవాలి. వాళ్ళ నాన్నగారికి రెండూ కొనే స్తోమత లేదు, ఏదో ఒకటి కోరుకోమన్నారు. కుర్రాడు బూట్లు అడిగాడు. పాదం మరీ పెద్దది కావడంతో వాటిని ప్రత్యేకంగా తెప్పించాల్సి వచ్చిందట! అలా ఉత్త తలతో ఆడటం అలవాటైపోయింది. 1921లో అయోవా జట్టు నోటర్‌డేమ్‌ను 10-7తో ఓడించిన ఆట ఫొటో ఒకటుంది. అందులోనూ అతని తల మీద హెల్మెట్ లేదు.

ఇది మన ఫుట్‌బాల్ కాదు. బంతి చంకన పెట్టుకుని పరిగెత్తేవాడు ఒకడు. వాడికి దారి చెయ్యడానికి ముందు వరుసలో ఒళ్ళు అడ్డం వేసేవాళ్ళు కొందరు. స్లేటర్ ఈ రెండో రకం. స్కోరులో వీళ్ళ పేర్లుండవు.

1922లో రాక్ ఐలాండ్ జట్టులో చేరాడు. ఎన్.ఎఫ్.ఎల్. ముందు వరుసలో ఆడిన మొదటి నల్లజాతీయుడు అతనే. మొత్తం 10 సీజన్లు ఆడాడు. 1924లో కాన్సాస్ సిటీలో మాత్రం, కేవలం ఒంటిరంగు చూసి, మైదానంలోకి దిగనివ్వలేదు. 1929 నవంబరు 28న చికాగో కార్డినల్స్ ఆటగాడు ఎర్నీ నెవర్స్ ఒక్కడే 40 పాయింట్లు చేశాడు. ఆ రికార్డు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. ఆ రోజు అతనికి దారి చేసినవాళ్ళలో స్లేటర్ ఒకడు.

ఆడుతూనే 1928లో లా పూర్తి చేశాడు. (నేను ఏ ఆటా ఆడకుండానే సప్లిమెంటరీలు రాశాను!) 1948లో చికాగో మునిసిపల్ కోర్టు జడ్జిగా ఎన్నికయ్యాడు. 1966లో చనిపోయాడు. ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది మాత్రం 2020లో.

ఆ వార్త చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మన బడి కబడ్డీ ఫైనల్ గుర్తొచ్చింది. కూతకెళ్ళి పాయింట్లు తెచ్చానని కప్పు నా చేతికిచ్చారు, ఫొటో నాదే తీశారు. కుడి మూలన నిలబడి, మోకాలు చీరుకుపోయి రక్తం కారుతున్నా ఎదుటివాడి కాలు వదలనివాడు ఆ ఫొటోలో లేడు. ఇన్నేళ్ళలో ఆ ఆట గురించి ఎన్నోసార్లు గొప్పగా చెప్పుకున్నాను, ఒక్కసారీ వాడి పేరెత్తలేదు. వాడిప్పుడు మూడో వరుసలో కూర్చుని తల దించుకుని నవ్వుతున్నాడు.

ఒరేయ్, ఒక్కసారి లేచి నిలబడరా.