పీల్చే మత్తు: బిడ్డను తరమకండి
(తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ప్రభుత్వ కార్యాలయంలో ముప్పైమూడు సంవత్సరాలు గుమాస్తాగా పనిచేశాను. కంప్యూటర్లు రాకముందు మా బల్లల మీద రెండు చిన్న సీసాలు ఉండేవి. ఒకటి తప్పులు చెరిపే వైట్‌నర్, రెండవది అది గట్టిపడితే కలిపే థిన్నర్. ఘాటుకు తల తిరిగితే కిటికీ తెరిచేవాళ్ళం, అంతకుమించి ఆలోచించలేదు. పదవీ విరమణ తరువాత, బడి మానిన పిల్లలను తిరిగి చేర్పించే పనిమీద మా పేటలో తిరుగుతుండగా, సైకిల్ షాపులో పనిచేసే పదమూడేళ్ళ బాలుడు పిడికిట్లో గుడ్డముక్క దాచుకోవడం చూశాను. ఇంచుమించు అదే ఘాటు.

ఈ మత్తుకు దళారి అక్కరలేదు. పంక్చర్ సొల్యూషన్, పెయింట్ థిన్నర్, పెట్రోలు అన్నీ బజారులో ఉన్నవే. సీసాల్లో వైట్‌నర్, థిన్నర్ల చిల్లర అమ్మకాన్ని కేంద్ర ప్రభుత్వం 2012లో నిషేధించి, పెన్ను రూపంలోనివి మాత్రం అనుమతించింది. పంక్చర్ సొల్యూషన్‌ను ఎవరు నిషేధిస్తారు? సైకిల్ షాపు నడవాలి కదా! 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం పరిధిలోకీ ఇవి రావు. కేంద్ర సామాజిక న్యాయ శాఖ తరఫున ఢిల్లీ ఎయిమ్స్ జరిపి 2019లో వెలువరించిన సర్వే ప్రకారం, పెద్దలకంటే పిల్లల్లో ఎక్కువ శాతం మంది వాడుతున్న మత్తు ఇదొక్కటే. చికిత్స, సహాయం అవసరమైన పిల్లలు 4.6 లక్షలమంది అని అంచనా.

దీర్ఘకాలం పీలిస్తే జ్ఞాపకశక్తి, నరాలు, మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఇది చాలామంది విన్నదే. తక్కువమందికి తెలిసినది ఇంకొకటి ఉంది: మొదటిసారి పీల్చినవాడు కూడా అక్కడికక్కడే మరణించవచ్చు. ఈ ఆవిరి సోకిన గుండె అడ్రినలిన్‌కు అతిగా స్పందిస్తుంది. ఆ సమయంలో బెదిరినా, పరుగెత్తినా లయ తప్పి ఆగిపోవచ్చు.

ఈ సంగతి తెలియక నేను ఆ బాలుని తండ్రి వద్దకు వెళ్ళి, అప్పటికప్పుడు ఆయనను వెంటబెట్టుకొని వచ్చాను. ఆయన బెల్టు తీసి కొడుకును వీధి చివరిదాకా తరిమాడు. అల్లాహ్ దయవల్ల ఏమీ కాలేదు. తరువాత ఒక డాక్టరుగారు విషయం వివరించినప్పుడు నాకు చేతులు వణికాయి.

కనుక, గుడ్డతో దొరికిన బిడ్డను తరమకండి, కొట్టకండి, కేకలు వేయకండి. గాలి ఆడేచోట నెమ్మదిగా కూర్చోబెట్టండి. స్పృహ తప్పితే పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. బట్టలకు రసాయనపు వాసన, మూతి చుట్టూ పొక్కులు, తడబడే మాట కనిపిస్తే అనుమానించండి.

అక్క పెళ్ళి చెడిపోతుందని దాచిపెట్టే ఇళ్ళు నాకు తెలుసు. వారిని నిందించలేను. కానీ 14446కు ఫోన్ చేస్తే వ్యసన విముక్తికి సలహా ఇస్తారు. పిల్లలకోసం 1098 ఉంది. 2015 నాటి బాలల న్యాయ చట్టం మాదకద్రవ్యాల బారిన పడే ప్రమాదమున్న బాలుణ్ణి రక్షణ అవసరమైనవాడిగానే చూస్తుంది. అతని విషయం బాలల సంక్షేమ కమిటీ ముందుకు వెళ్ళాలి. మన పేట పిల్లవాడు కనుక దొంగే అయి ఉంటాడని ఠాణాలో ఎవరైనా అంటే, ఈ చట్టం పేరు చెప్పి అడగండి. అడగడం మన హక్కు.

ఆ బాలుడు ఆరు నెలలుగా ప్రభుత్వాసుపత్రికి వెళ్తున్నాడు. మధ్యలో రెండుసార్లు తిరిగి పీల్చాడు. రెండుసార్లూ తండ్రే వెంటబెట్టుకొని తీసుకువెళ్ళాడు. ఈ సభలో సైకిల్ షాపుల యజమానులు నలుగురు కనిపిస్తున్నారు. సొల్యూషన్ ట్యూబులు రేపటినుంచి తాళంలో పెట్టగలరా అని వారిని ఇక్కడే అడుగుతున్నాను.