జారిన గర్భసంచికి కీహోల్ ఆపరేషన్

కాన్పుల వల్ల, వయసు వల్ల కొందరు ఆడవాళ్లకు గర్భసంచి కిందికి జారుతుంది. సిగ్గుతో ఏళ్ల తరబడి బయటికి చెప్పుకోరు. ల్యాపరోస్కోపీలో, అంటే కీహోల్ ఆపరేషన్‌లో, దీనికో పద్ధతి ఉంది. యోని పైభాగాన్ని మెష్ అనే సన్నని వలతో వెన్ను అడుగునున్న త్రికాస్థికి కట్టేస్తారు. పొట్ట మీద నాలుగైదు చిన్న గాట్లే పడతాయి. అసలు కష్టమంతా లోపల కుట్లు వేయడంలోనే! పరికరం పిడిని కుడికి జరిపితే లోపలి కొన ఎడమకు పోతుంది; మామూలు తెర మీద లోతు తెలియదు. అందుకే నేర్చుకునే సర్జన్లు ముందు కెమెరా బిగించిన డబ్బాలో గంటల కొద్దీ ముడులు వేస్తారు. తర్వాత సీనియర్ పక్కన నిలబడి కెమెరా పట్టి, ఆపైనే సూది అందుకుంటారు. త్రికాస్థి దగ్గరే పెద్ద రక్తనాళాలున్నాయి మరి. "ఈ ఆపరేషన్లు తరచూ చేస్తుంటారా?" అని డాక్టరుగారిని నిరభ్యంతరంగా అడగండి.