స్వతంత్ర కళాజీవి – అతని పనిముట్లు



కార్యాలయ ఉద్యోగికి కలము కావలసినచో ఇండెంటు వ్రాసి పంపును. కాగితము, బల్ల, బీరువా, కంప్యూటరు అన్నియు సర్కారువారే సమకూర్తురు. యంత్రము చెడి ఒకదినము పని సాగకున్నను నెల జీతమునకు లోటు రాదు. పుస్తకములకు ముఖపత్రములు కూర్చియో, చిత్రములు గీచియో, బొమ్మలకు చలనము కల్పించియో స్వతంత్రముగా జీవించు కళాకారుని స్థితి వేరు. అతడే గుమాస్తా, అతడే స్టోర్సు అధికారి, అతడే ఖజానాదారు. పనిముట్టు మొరాయించిన దినమున అతనికి కూలి లేదు. ఉద్యోగుల ఇండ్లనుండియే ఇట్టి వృత్తిలోనికి పోవు యువతీయువకులు నేడు కలరు. కావున వారి ముఖ్యసాధనమగు సాఫ్ట్‌వేరును ఎన్నుకొను తెఱగును విచారించుట ఈ సభకు అప్రస్తుతము కానేరదు.

ఆడలేక మద్దెల ఓడన్నట్లని పెద్దలు పరిహసింతురు. సామెత సత్యమే. కాని మద్దెల నిజముగానే ఓడైన సందర్భములును లేకపోలేదు. లోపము చేతిదా, పనిముట్టుదా అని వేరుచేసి చూడగలుగుటయే వివేకము.

మంచి పనిముట్టునకు మొదటి లక్షణ మేమనగా, పని జరుగుచుండగా అది తన ఉనికిని చాటుకొనరాదు. వడ్రంగి చూపు చెక్కపై నుండును గాని ఉలిపై నుండదు. చిత్రకారుని చూపును గీతపై నుండవలెను గాని మెనూల నడుమ తిరుగాడరాదు. మాటిమాటికి ప్రకటనలతో అడ్డుపడునది, చేసిన పొరపాటును వెనుకకు తీసికొననీయనిది, విద్యుత్తు పోయినంతనే మూడుగంటల శ్రమను మ్రింగివేయునది, ఎంత ఖరీదైనదైనను మంచి సాధనము కాదు.

తెలుగువారికి మరియొక పరీక్ష కలదు. తెలుగు లిపి యూనికోడ్ మొదటి కూర్పులోనే, అనగా 1991లో, 128 స్థానముల వరుసను పొందినది. ఐనను అక్షరములకు స్థానము దొరకుట వేరు, వత్తులును గుణింతములును సరిగా అతుకుట వేరు. కొత్త సాధనము చేతికి రాగానే రాష్ట్రము, స్త్రీ, జ్యోత్స్న, స్వాతంత్ర్యము అను నాలుగు మాటలు టైపుచేసి చూడవలయును. వత్తు విడిపోయి ప్రక్కన నిలిచినచో, మొదట అమరికలను పరీక్షింపవలెను. ఇన్‌డిజైన్‌లో వరల్డ్ రెడీ కంపోజరును ఎన్నుకొననిచో ఇట్టి వికారము కలుగవచ్చును. అది పనిముట్టు లోపము కాదు. అమరికలు సరిచేసినను మాట కుదురుకొననిచో, ఆ మద్దెల తెలుగు పుస్తకమునకు ఓడే. ఫైరుఫాక్సు, లిబ్రె ఆఫీసు మున్నగువానిలో హార్ఫ్‌బజ్ అను గ్రంథాలయము ఈ అతుకుపనిని నిర్వహించుచున్నది. స్క్రైబస్ 2024 జనవరిలో వెలువడిన 1.6 కూర్పుతో ఇట్టి లిపులకు స్థిరమైన రూపమున అనువైనది.

పనిముట్టు చచ్చిన తరువాత పని బ్రదుకునా అనునది అంతకంటె గంభీరమైన ప్రశ్న. పేజ్‌మేకర్ 1985లో పుట్టినది; దాని కడపటి ప్రధాన కూర్పు 2001లో వచ్చినది. తెలుగు అచ్చుకూటములు ఏండ్ల తరబడి దానినే నమ్ముకొన్నవి. ఆ నాటి ఫాంటులు ఇంగ్లీషు అక్షరముల స్థానములందు తెలుగు ఆకారములను కూర్చుండబెట్టినవి. ఆ ఫాంటు లేని యంత్రమున ఫైలు తెరచినచో తెలుగునకు మారుగా అర్థములేని గుర్తుల గుంపు కనబడును. గ్రంథకర్త జీవితకాలపు కృషి చేతిలోనే యుండియు చదువరాకుండ పోవుట కంటె దుఃఖమేమి? కావున ప్రతి పని ముగిసిన వెంటనే మూలపు ఫైలుతోపాటు బహిరంగ ప్రమాణములు గల రూపములందును ఒక ప్రతిని భద్రపరుపవలెను. 1993లో పుట్టిన పీడీఎఫ్ 2008లో అంతర్జాతీయ ప్రమాణమైనది. గీతలతో కూడిన బొమ్మలకు 2001 నుండి ప్రమాణముగా నున్న ఎస్‌వీజీ కలదు. ఫైళ్లను భద్రపరచుట యేమో ఈ సభకు వేరుగ చెప్పనక్కరలేదు.

ఇక వెల సంగతి. 2013లో అడోబీ సంస్థ తన క్రియేటివ్ సూట్‌కు ఇకపై కొత్త కూర్పులు వెలువరింపమనియు, చందాపైననే ముందునకు సాగుదుమనియు ప్రకటించినది. ఇల్లు కొనుక్కొనువానికిని అద్దెకుండువానికిని గల భేదమే ఇందును కలదు. చందా ఆగినచో చిత్రము తన డిస్కులోనే యుండును గాని, దానిని తెరచు తలుపునకు తాళము పడును. జీతగానికి ప్రతినెల ఆదాయము వచ్చును; స్వతంత్ర కళాజీవికి మూడునెలలు వానలు, మూడునెలలు ఎండలు. ఐనను అద్దె అనునదే దోషము కాదు. పని యిచ్చువారు ఫలానా రూపముననే ఫైలు కోరినచో, ఆ చందాను ఖర్చుక్రింద వ్రాసికొని ప్రతిఫలమున కలుపుకొనవలెను. ఎవరును కోరని సాధనమునకు ప్రతినెల కప్పము కట్టుట మాత్రము తగదు.

ఉచితముగా లభించు వానిలో గింప్, ఇంక్‌స్కేప్, క్రీటా, స్క్రైబస్, బ్లెండర్ ముఖ్యములు. ఉచితమన్నంతనే నాసిరకమని తలచుట తప్పు. బ్లెండరును అమ్ముచుండిన సంస్థ 2002లో మూతపడినది. దాని కర్త టాన్ రూజెండాల్ లోకమునకు విజ్ఞప్తి చేయగా ఏడువారములలో లక్ష యూరోలు సమకూడినవి. ఆ యేడు అక్టోబరులో దాని మూలసంకేతము సర్వజనుల సొత్తైనది. ఆ సాధనముతోనే నిర్మింపబడిన లాత్వియా దేశపు 'ఫ్లో' చిత్రము 2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రముగా ఆస్కారు నందినది. ఐతే ఉచితమైన దెల్ల అన్నిటికిని చాలునని భ్రమపడరాదు. అచ్చునకు వలయు నాలుగురంగుల కూర్పునకు స్క్రైబస్ తగినది; ఇంక్‌స్కేప్‌కు ఆ పటిమ లేదు. ఏ పనికి ఏ ఉలి అనునది చేయువాడే తెలిసికొనవలెను.

కొందరు వెల చెల్లింపక దొంగప్రతులు వాడుదురు. తన చిత్రమును ఇతరులు అపహరించినచో వాపోవు కళాకారుడు పరుల శ్రమను అపహరించుట న్యాయము కాదు. ఫాంటులకును అనుమతి పత్రములు కలవు, వానిని చదువవలెను. మండలి, రామభద్ర, గురజాడ మున్నగు తెలుగు ఫాంటులు ఓపెన్ ఫాంట్ లైసెన్సు క్రింద లభించుచున్నవి. వానిని వ్యాపారపు పనులకును నిశ్చింతగా వాడవచ్చును.

తుదకు ఒక హెచ్చరిక. పనిముట్లను వెదకుటయే పని యనుకొను వ్యసనమొకటి కలదు. దినమునకొక సాధనము దించుకొనువాని చేతికి ఏదియు అలవడదు. కొత్తదానిని పరీక్షింప దలచినచో, ఇదివరకే ముగించిన చిన్న పని నొకదానిని అందు మరల చేసి, అచ్చువేయించి, పాతదాని ప్రక్కన పెట్టి చూడవలెను. గడువు దగ్గరపడిన పని నడుమ సాధనము మార్చుట ఏరు దాటుచుండగా పడవ మార్చుట వంటిది.

బిడ్డ ఇట్టి వృత్తి చేపట్టెదనన్నప్పుడు తల్లిదండ్రులు అన్నిటికంటె ఖరీదైన సాఫ్ట్‌వేరు కొనియిచ్చుట ముఖ్యము కాదు. ఇందు తెలుగు సరిగా కుదురునా? పది సంవత్సరముల తరువాత ఈ ఫైలు తెరచుకొనునా? పనిలేని మాసమున దీని వెల భరింపగలవా? అని మూడు ప్రశ్నలడిగిన చాలును. వానికి తడుముకొనక సమాధానము చెప్పగల కళాజీవి, నెల జీతము లేకున్నను, తన కాళ్లపై తాను నిలువగలడు.