మాంసాహారం - పెద్దపేగు ఆరోగ్యం



మొన్న తొమ్మిదో తరగతిలో ఆహారం గురించి పాఠం చెబుతుంటే ఒక అబ్బాయి లేచి, "సార్, మటన్ తింటే క్యాన్సర్ వస్తుందంటున్నారు, నిజమేనా?" అని అడిగాడు. వాళ్ళింట్లో ఆదివారం వచ్చిందంటే రాగిసంగటి, మాంసం పులుసు ఉండవలసిందే. అవునని భయపెట్టలేను, కాదని కొట్టిపారెయ్యలేను. ఆ అబ్బాయికి చెప్పిన జవాబే ఇప్పుడు మీకూ చెబుతాను.

ప్రపంచ ఆరోగ్య సంస్థకు అనుబంధంగా ఫ్రాన్సులోని లియాన్ నగరంలో ఒక క్యాన్సర్ పరిశోధనా సంస్థ ఉంది. 2015 అక్టోబరులో పది దేశాలకు చెందిన 22 మంది నిపుణులు అక్కడ సమావేశమయ్యారు. నిలవ ఉంచేందుకో, రుచి కోసమో ఉప్పుపెట్టి, ఊరబెట్టి, పొగబెట్టి తయారుచేసిన మాంసం పెద్దపేగు క్యాన్సరుకు కారణమవుతుందని తేల్చారు. సాసేజీ, సలామీ, బేకన్ వంటివి ఈ కోవలోవే. మన ఇళ్ళలో ఉప్పుపెట్టి ఎండబెట్టే ఒట్టి తునకలు కూడా ఆ నిర్వచనంలోకే వస్తాయి. ఇక మేక, గొర్రె, గొడ్డు, పంది మాంసాలను ఎర్రమాంసం అంటారు. ఇది బహుశా కారణం కావచ్చునన్నారు.

ఎలాగంటారా? మాంసానికి ఎరుపు రంగునిచ్చే పదార్థంలో 'హీమ్' అనే ఇనుము ఉంటుంది. రక్తం పట్టడానికి అది మంచిదే. కానీ మోతాదు మించితే పేగు లోపలి పొరను రాపిడి పెడుతుంది. నైట్రోసో సమ్మేళనాలనే హానికర పదార్థాలు పేగులో తయారు కావడానికీ తోడ్పడుతుంది. సాసేజీల వంటి వాటిలో సూక్ష్మజీవులు పెరగకుండా, రంగు చెడకుండా నైట్రైటు కలుపుతారు. దానివల్ల కూడా ఈ సమ్మేళనాలే పుడతాయి. ఇవి పేగు కణాల్లోని జన్యుపదార్థాన్ని దెబ్బతీస్తాయి.

మూడోది వంట తీరు. నిప్పులమీద మాడేలా కాల్చినప్పుడు, పెనంమీద నల్లబడేలా వేయించినప్పుడు మరికొన్ని హానికర రసాయనాలు పుడతాయి. పులుసులో నీళ్ళుంటాయి గనుక వేడి అంతగా పెరగదు, అవి చాలా తక్కువ. ఈ విషయంలో మన అమ్మమ్మల పులుసే మేలు.

రోజూ 50 గ్రాముల నిలవ మాంసం తినేవారికి ఈ ముప్పు సుమారు 18 శాతం పెరుగుతుందని లెక్క. అంటే నూటికి పద్దెనిమిది మందికి జబ్బు వస్తుందని కాదు. నూరుమందిలో అయిదుగురికి వచ్చే చోట దాదాపు ఆరుగురికి వస్తుందని అర్థం. పొగాకును కూడా ఇదే జాబితాలో చేర్చారు. అయితే ఆ జాబితా సాక్ష్యం ఎంత గట్టిదో చెబుతుంది గాని, రెండూ సమానమైన విషాలని కాదు.

కాబట్టి ఏం చెయ్యాలి? ఎర్రమాంసం తినేవారు వారానికి, వండిన తూకంలో, 350 నుంచి 500 గ్రాములు దాటకపోతే మంచిది. సాసేజీల వంటివి పిల్లల టిఫిను డబ్బాలో రోజూ పెట్టకండి. ఒట్టి తునకలు ఎప్పుడో ఒకసారి చాలు. మాడిన ముక్క తీసి పారెయ్యండి. పక్కన సంగటి, ఆకుకూర, పప్పు ఉండనివ్వండి. వాటిలోని పీచు మలాన్ని త్వరగా కదిలించి పేగును కాపాడుతుంది.

చివరిగా ఒక్క మాట. మలంలో రక్తం పడితే "మొలలేలే" అని సరిపెట్టుకుని, సిగ్గుపడి దాచిపెట్టేవారు మనలో చాలామంది. విరేచనం తీరు కొన్ని వారాలుగా మారినా, కారణం లేకుండా బరువు తగ్గినా, రక్తహీనత కనిపించినా మాంసం తినేవారే కాదు, తిననివారూ డాక్టరు దగ్గరకు వెళ్ళాలి. మొదట్లోనే కనిపెడితే ఈ జబ్బు చాలావరకు నయమవుతుంది. పండగనాటి పులుసుకు భయపడనక్కరలేదు. ఈ గుర్తులను మాత్రం దాచుకోకండి.