మనసు విరిచే ప్రకటనలు



నెల సరుకుల చీటీ రాసేటప్పుడు సబ్బు పేరు, టీ పొడి పేరు మనం ఆలోచించి రాయం. చెయ్యి దానంతటదే రాసేస్తుంది. అత్తగారు వాడిందే కోడలూ వాడుతుంది. కంపెనీలకు ఈ అలవాటే పెట్టని కోట. ఆ కోటను ఒక్కోసారి వాళ్లే పడగొట్టుకుంటారు.

2020 మే నెల సంగతి చూడండి. కరోనా లాక్‌డౌన్‌లో ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు జీతాల్లేక అల్లాడిపోతున్న రోజులవి. సరిగ్గా అప్పుడే, నీళ్ల ఫిల్టర్లు అమ్మే కెంట్ కంపెనీ పిండి కలిపే యంత్రానికి ఒక ప్రకటన వేసింది. పనిమనిషిని చేత్తో పిండి కలపనిస్తున్నారా, ఆమె చేతులకు జబ్బు అంటుకుని ఉండొచ్చు సుమా అని దాని సారాంశం. పక్కన హేమమాలిని, ఆమె కూతురు ఈషా డియోల్ బొమ్మలు! పుండు మీద కారం చల్లడమంటే ఇదే కదండీ. జబ్బు పనిమనిషి చేతులకే అంటుతుందా? యజమానురాలి చేతులకు అంటదా? అసలు ఆ జబ్బు మన దేశంలోకి ముందు వచ్చింది విమానాల్లో వచ్చినవాళ్లతో. నలుగురూ దుమ్మెత్తిపోశాక కంపెనీ ఆ ప్రకటన తీసేసి క్షమాపణ చెప్పింది. అవి తన విలువలకు తగిన మాటలు కావని హేమమాలినీ చెప్పుకోవలసి వచ్చింది.

1975లో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ సంగతి మీకు తెలిసిందే. కొడుకు లేడే అని తండ్రి నిట్టూరుస్తాడు. చామనఛాయ కూతురు ఆ క్రీము రాసుకుని, తెల్లబడి, ఎయిర్ హోస్టెస్ అయిపోతుంది! పక్కనే కూర్చుని అది చూస్తున్న మన నల్లపిల్ల మనసు ఏమవుతుంది? ఐద్వా మహిళలు పట్టుబట్టి ఫిర్యాదు చేశారు. 2003లో కేంద్ర ప్రభుత్వం అలాంటి ప్రకటనలను టీవీలో ఆపించింది. అయినా అమ్మకాలు సాగాయి కదా అంటారేమో. సాగాయి, కాదనను. కానీ 2020లో ఆ పేరే కంపెనీకి బరువై, గ్లో అండ్ లవ్లీగా మార్చుకుంది.

కోపం వచ్చిన ఇల్లాలు గొడవ చెయ్యదు. కొట్లో పక్క డబ్బా అందుకుంటుంది, అంతే. ఎందుకు మానేసిందో కంపెనీకి తెలియను కూడా తెలియదు. అందుకే మానెయ్యడంతో పాటు ఫిర్యాదు కూడా చెయ్యమంటాను. 1985లో ఏర్పడిన అడ్వర్టయిజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ ముంబాయిలో ఉంది. మామూలు గృహిణి కూడా దానికి ఫిర్యాదు పంపవచ్చు. ఏ ప్రకటన, ఏ ఛానెల్లో, ఏ రోజు, ఎన్ని గంటలకు వచ్చిందో వివరంగా చెప్పాలి. చూసిన వెంటనే క్యాలెండరు మీద, పాల లెక్క పక్కనే రాసి పెట్టుకోండి.